పై కొమ్మలకు ముల్లే లేదు, చెట్టు మొదలు దగ్గరి పిలకలకు మాత్రం ఉన్నాయి: ఇది నాటు హాథార్నేనా? గింజ నుంచి పెంచడం ఎలా?

పెరటిమడి:

అందరికీ నమస్కారం. మాది అమెరికాలో మిస్సోరీ మధ్యభాగం, చలి తీవ్రతను బట్టి తోటలకు వేసిన జోన్‌లలో 6వది. ఇంటి వెనక కంచె వారన ఉన్న చెట్టు హాథార్న్ (ఆపిల్ కుటుంబపు ముళ్ళచెట్టు) అనుకుంటున్నాను, దాని గురించే అడుగుతున్నాను. 18 అడుగుల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు. కొమ్మలు నిటారుగా లేవకుండా అడ్డంగా పరుచుకుంటాయి.

ఆకు రెండంగుళాలు, దళసరి, పైన నూనె రాసినట్టు మెరుపు. కొస వైపు వెడల్పు, కాడ వైపు సన్నం. తమ్మెలు (అంచున చీలికలు) లేవు. మే మూడో వారంలో తెల్లటి గుత్తిపూలు పూశాయి, వాసన అంత బాగోలేదు. ఇప్పుడు సెప్టెంబర్ చివర కాయలు మసక ఎరుపుకు తిరిగాయి, అర అంగుళం ఉంటాయి. కోస్తే లోపల రాయిలాంటి గింజలు రెండు, కొన్ని కాయల్లో ఒకటే.

తిరకాసు ఇక్కడ. పై కొమ్మల్లో ముల్లన్నదే లేదు. చెట్టు మొదలు దగ్గర లేచిన చువ్వలకు మాత్రం ఆకు ఆకుకూ పక్కన అంగుళంన్నర ముల్లుంది. వాటి ఆకులూ వేరే: త్రికోణంగా, మేపుల్ ఆకులా మూడు నుంచి ఐదు తమ్మెలతో. ఫోన్ యాప్ ఒకసారి కాక్‌స్పర్ హాథార్న్ అంది, ఒకసారి వాషింగ్టన్ హాథార్న్ అంది, ఒకసారి క్యాలరీ పియర్ అంది.

జూన్ నుంచి ఆకుల మీద నారింజ మచ్చలున్నాయి. కొన్ని కాయలకు తెల్లటి సన్నని గొట్టాలు మొలిచాయి.

అడగాల్సినవి మూడు: ఇది ఏ రకం, ఇక్కడి నాటు చెట్టేనా? దీని గింజలతో ఓ డజను మొక్కలు పెంచి వెనక వైపు పిట్టలకు పొదలా వేయొచ్చా? మచ్చలకు ఏం చేయాలి?

ఈనెలు_చూడండి:

పెరటిమడి గారూ, చెట్టు కాక్‌స్పర్ హాథార్న్, అంటే క్రాటీగస్ క్రుస్-గాల్లి. మిస్సోరీ నాటు చెట్టే. తమ్మెల్లేని దళసరి ఆకు, సగం నుంచి కొస దాకానే రంపపు పళ్ళు, అడ్డంగా పరుచుకునే కొమ్మలు, మిగతా హాథార్న్‌లు చాలావరకు పూసేశాక పూయడం, కాయలో రెండే టెంకలు: ఇవన్నీ ఒకచోట కలిస్తే ఇక వేరే పేరు వెతకనక్కర్లేదు.

క్యాలరీ పియర్‌ను ముందే పక్కన పెట్టేయండి. అది మార్చి, ఏప్రిల్‌లలో ఆకు రాకముందే పూస్తుంది. కాయ గోధుమరంగులో ఉంటుంది, లోపల ఆపిల్ గింజల్లాంటి పలుచటి గింజలే తప్ప టెంకలుండవు. అడవిపడ్డ క్యాలరీకి ముళ్ళున్నా అవి కొస మొనదేలిన పొట్టి రెమ్మలు, వాటి మీద మొగ్గలు, ఆకులు కనిపిస్తాయి. హాథార్న్ ముల్లు ఆకు పంగలోంచి పుడుతుంది, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. దాని పక్కనే ఆవగింజంత గుండ్రటి ఎర్ర మొగ్గ ఉంటుంది. చలికాలంలో ఆకు లేకపోయినా ఈ గుండ్రటి మొగ్గతోనే పట్టేయొచ్చు. అడవి ప్లమ్ అయితే బెరడు మీద అడ్డగీతలు, కాయలో ఒకే ఒక పెద్ద టెంక. ఓసేజ్ ఆరెంజ్ అయితే ఆకు తుంచగానే పాలు కారతాయి.

యాప్ మూడు పేర్లు చెప్పిందంటే తప్పు పూర్తిగా యాప్‌ది కాదు. హాథార్న్‌కు రెండు రకాల ఆకులుంటాయి. పూగుత్తి కింద పొట్టి రెమ్మకుండే ఆకు ఒక రకం, ఆ ఏడు ఏపుగా లేచిన పొడుగు చువ్వకుండే ఆకు ఇంకో రకం. చువ్వ ఆకు పెద్దది, తమ్మెలు కూడా ఎక్కువ, ఏ జాతిదైనా పక్క జాతిలా కనిపిస్తుంది. పుస్తకాల్లో వర్ణనలన్నీ పూరెమ్మ ఆకును బట్టే రాస్తారు. మీరూ ఆ ఆకే చూడండి.

జాతి గట్టిగా తేల్చుకోవాలంటే చెట్టును రెండు కాలాల్లో చూడాలి. పూతలో అప్పుడే విచ్చుకున్న పువ్వు తీసుకుని కేసరాలు లెక్కపెట్టండి, పదికి అటూఇటా, ఇరవైకి అటూఇటా అన్నది తేలితే చాలు. పుప్పొడి తిత్తులు పగలకముందే వాటి రంగు రాసుకోండి: గులాబీయా, తెలుపా, లేత పసుపా. ఒక్కరోజు ఆలస్యమైతే అన్నీ గోధుమరంగుకు తిరిగిపోతాయి. కాయ కాలంలో టెంకలు ఎన్నో, కాయ అడుగున రక్షకపత్రాలు నిలిచాయో రాలిపోయాయో చూడండి. కాక్‌స్పర్‌కు కేసరాలు ఎక్కువగా పది దగ్గర, టెంకలు ఒకటి నుంచి మూడు.

మీ ప్రాంతంలో ఎదురయ్యే మిగతావి ఇవీ. క్రాటీగస్ మాలిస్‌ది మూడు నాలుగంగుళాల వెడల్పాటి ఆకు, అడుగున నూగు, ముఖ్యంగా లేతప్పుడు. అందరికంటే ముందు పూస్తుంది, అంగుళం దాకా ఉండే కాయ ఆగస్టు చివరికే మాగి రాలుతుంది. క్రాటీగస్ విరిడిస్‌ను బెరడే పట్టిస్తుంది: బూడిదరంగు పొరలు ఊడి లోపల నారింజ గోధుమరంగు బయటపడుతుంది, బఠాణీ గింజంత కాయలు చలికాలమంతా చెట్టునే ఉంటాయి. క్రాటీగస్ పంక్టాటా కాయ మీద లేతరంగు చుక్కలుంటాయి. దాని ఆకుకు మెరుపుండదు, ఈనెలు పైన గాడిపడి ఉంటాయి. ఐరోపా నుంచి వచ్చిన మోనోజైనాది చిన్న ఆకు, తమ్మెలు సగానికి పైగా లోతుకు చీలి ఉంటాయి, కాయలో ఒకే టెంక. ఓరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో అది అడవుల్లోకి పాకి తలనొప్పిగా మారింది.

ఒక చిట్కా. ఈనెలు తమ్మెల కొసలకే వెళ్తున్నాయా, తమ్మెల మధ్య సందుల్లోకి కూడా వెళ్తున్నాయా చూడండి. మోనోజైనాలో, వాషింగ్టన్ హాథార్న్‌లో సందుల్లోకీ వెళ్తాయి. మాలిస్, పంక్టాటా లాంటి వాటిలో వెళ్ళవు. ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది.

ఇంత చూసినా కొన్ని చెట్లకు పేరు కుదరదు, దానికి బాధపడొద్దు. వీటిలో చాలావాటికి క్రోమోజోమ్ సెట్లు రెండు కాదు, మూడో నాలుగో ఉంటాయి. అండం పరాగంతో కలవకుండానే తల్లికి నకలుగా గింజ కడతాయి. జాతులు కలిసి పుట్టిన ఒక్క చెట్టు కూడా ఆ తీరునే వందల నకళ్ళుగా పరుచుకుంటుంది. 1900 ప్రాంతంలో పాతిక ముప్పై ఏళ్ళలో చార్లెస్ స్ప్రేగ్ సార్జెంట్ లాంటి వృక్షశాస్త్రవేత్తలు ఉత్తర అమెరికా హాథార్న్‌లకు వెయ్యికి పైగా పేర్లు పెట్టింది అందుకే. వాటిలో చాలా పేర్లు ఇప్పుడు చెల్లవు. 1923లో మిస్సోరీ హాథార్న్ పువ్వును రాష్ట్ర పుష్పంగా ప్రకటించినప్పుడు కూడా చట్టంలో క్రాటీగస్ అని ప్రజాతి పేరే రాశారు.

పిలకలకు ముళ్ళెందుకంటే, అవి పొడుగు చువ్వలు కదా. లేత చువ్వకు ముళ్ళు ఎక్కువే ఉంటాయి.

అంటుకత్తి:

పైన చెప్పినదంతా సరే, ఆ చివరి మాట దగ్గర మాత్రం ఆగాలి. కాక్‌స్పర్ చువ్వ ఆకు ఎంత పెద్దదైనా మేపుల్ ఆకులా త్రికోణంగా మారదు. ఒకే చెట్టు కింద రెండు ఆకారాలు, రెండు రకాల ఈనెలు ఉన్నాయంటే అక్కడ రెండు మొక్కలున్నట్టే. ఇది అంటుమొక్క.

ముల్లు లేని కాక్‌స్పర్ అమ్మకంలో ఉంది. ఇనర్మిస్ అని ఒక పేరు, క్రుసేడర్ అని ఇంకొకటి. పిల్లలు ఆడుకునే చోట, నడకదారి పక్కన ఇదే వేస్తుంటారు. దాన్ని వేరే హాథార్న్ రూట్‌స్టాక్ (వేరు కోసం వాడే అడుగుమొక్క) మీద అంటుకడతారు, వాషింగ్టన్ హాథార్న్ కూడా అలా వాడతారు. మీ పిలకల వర్ణన దానికి సరిపోతోంది.

తేల్చుకోవడం ఇలా. మొదలు చుట్టూ చేతి తాపీతో మూడు నాలుగంగుళాల మట్టి జాగ్రత్తగా తీయండి. బెరడు తీరు మారే గీతో, చిన్న వంపో, బుడిపో కనిపిస్తుంది. పిలకలు దానికి కిందనుంచి వస్తుంటే రూట్‌స్టాక్‌వే. పైనుంచి వస్తుంటే నేను చెప్పింది తప్పు.

రూట్‌స్టాక్‌వే అయితే ఉంచకండి. వేరు సొంతం కాబట్టి అవే ముందు తాగుతాయి. నాలుగైదేళ్ళలో పైచెట్టును నీడలో పడేస్తాయి. నేల మట్టానికి కత్తిరిస్తే లాభం లేదు, కోసిన చోట అడుగు మొగ్గల నుంచి ఒకటికి నాలుగు లేస్తాయి. మట్టి తీసి, పిలక పుట్టిన చోటు దాకా వెళ్ళి, పచ్చిగా ఉన్నప్పుడే తోలు గ్లోవ్ వేసుకుని అడుగు బుడిపెతో సహా ఊడేలా పక్కకు లాగేయండి. ముదిరిపోతే పదును కత్తితో మొదటికంటా కోయాలి. కలుపుమందు మాత్రం పూయొద్దు. గ్లైఫోసేట్ పిలక లోంచి వేరులోకి దిగుతుంది, ఆ వేరు మీదే పైచెట్టు బతుకుతోంది.

పెరటిమడి:

మట్టి తీసి చూశాను. నేలకు రెండంగుళాల పైన గీత స్పష్టంగా ఉంది. పైన బెరడు పొలుసులుగా, కింద కాస్త నున్నగా. పిలకలన్నీ కిందనుంచే. వాటి ఆకులో ఈనెలు సందుల్లోకి కూడా వెళ్తున్నాయి. ఇద్దరికీ ధన్యవాదాలు.

మరి పై కాయల గింజలు వేస్తే ముల్లులేని మొక్కలే వస్తాయా? నాకైతే ముళ్ళున్నవే కావాలి, పిట్టలు గూడు కట్టుకోవడానికి.

టెంకలోపల:

ముల్లులేకుండానే వస్తాయన్న భరోసా లేదు, అందుకే నర్సరీలు దాన్ని అంటుతోనే పెంచుతాయి. మీకు ముళ్ళే కావాలి కాబట్టి, దగ్గర్లో అడవిగా పెరిగిన ముళ్ళ కాక్‌స్పర్ చూసి, యజమానిని అడిగి కాయలు కోసుకోండి. కొమ్మలు నాటి వేళ్ళు తెప్పించాలని చూడకండి. హాథార్న్ కొమ్మ మహా మొండిది, వేరు పట్టదు.

గింజ సంగతి. హాథార్న్‌కు రెండు తాళాలు. మొదటిది రాయిలాంటి టెంక. రెండోది లోపల నిద్రపోయే పిండం. టెంక మెత్తబడటానికి తడీ వెచ్చదనం కావాలి, పిండం మేలుకోవడానికి తడీ చలీ కావాలి. ఈ వరస తిరగేసినా, మొదటిది ఎగ్గొట్టినా గింజ కదలదు. ఫ్రిజ్‌లో మూడు నెలలు పెట్టినా ఒక్కటీ మొలవలేదనే ఫిర్యాదులన్నీ మొదటి తాళం తీయకుండా రెండోదానికి వెళ్ళినవే.

డజను మొక్కలకు కనీసం వంద టెంకలు మొదలుపెట్టండి. కొన్ని బోలు, కొన్ని మరుసటి ఏడు గానీ లేవవు.

కాయ బాగా ఎర్రబడి, నొక్కితే మెత్తగా ఉన్నప్పుడు కోయండి. చేత్తో చిదిమి రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టండి, నీళ్ళు రోజూ మార్చాలి, లేకపోతే పులిసి కంపు కొడుతుంది. జల్లెడ మీద రుద్ది గుజ్జంతా పోగొట్టండి. గుజ్జు మిగిలితే తర్వాత బూజు పట్టేది అక్కడే. నీళ్ళలో తేలినవి తీసేయండి, చాలావరకు బోలువే. కడిగాక నీడలో పైతడి ఆరితే చాలు, ఎండబెట్టి గలగలలాడించకండి.

ఒక వంతు టెంకలకు మూడు వంతులు ముతక ఇసుక, పీట్ సగం సగం కలిపి వేయండి. తడి ఎంతంటే, గుప్పిట గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఎక్కువైనట్టు, గింజ కుళ్ళుతుంది. పలుచటి పాలిథిన్ సంచిలో వేసి, మూతి కొంచెం వదులుగా ఉంచి, తేదీ రాసిపెట్టండి.

ముందు వెచ్చదనం: 70 నుంచి 77 డిగ్రీల ఫారెన్‌హీట్, కనీసం 90 రోజులు, 120 అయితే ఇంకా మంచిది. తర్వాత చలి: 35 నుంచి 40 డిగ్రీలు, 120 నుంచి 135 రోజులు. ఫ్రిజ్ కూరగాయల అర సరిపోతుంది, ఫ్రీజర్ వద్దు. వారానికోసారి సంచి తెరిచి గాలి తగలనిచ్చి, బూజు కనిపిస్తే టెంకలు కడిగి కొత్త ఇసుకలో వేయండి.

తేదీలు ముందే వేసుకోండి. అక్టోబర్ మొదట్లో మొదలుపెడితే జనవరి మొదటికి ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, మే మధ్యకు బయటకొస్తుంది. మంచు భయం తీరిపోయి ఉంటుంది. నవంబర్ చివర మొదలుపెడితే అంకురం జూలై ఎండల్లో బయటపడుతుంది, లేత మొక్క నిలవదు. అలాంటప్పుడు ఇంకో దారి: ఇప్పుడే లోతైన ట్రేలో ఇసుక కలిపిన మట్టిలో వేసి ఆరుబయట వదిలేయండి. వచ్చే వేసవి వెచ్చదనం పనీ, ఆపై చలికాలం చలి పనీ చేస్తాయి. మొలక వచ్చే వసంతానికి కాదు, ఆపై వసంతానికి. ఓపిక ఉన్నవాళ్ళకు ఇదే తేలిక. రెండు పద్ధతుల్లోనూ పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించాలి, ఎలుకలు ఒక్క రాత్రిలో ట్రే ఖాళీ చేస్తాయి.

ఫ్రిజ్‌లోనే టెంక పగిలి తెల్లటి వేరు కనిపిస్తే రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు, వెంటనే నాటండి. వేరు కొస ముట్టుకోకుండా కిందికి ఉండేలా, పావు అంగుళం లోతున, పైన ముతక ఇసుక. కుండీ కనీసం పదంగుళాల లోతుండాలి, తల్లివేరు తిన్నగా దిగుతుంది. లోతులేని కప్పులో నెల ఉన్నా వేరు చుట్టలు చుట్టుకుంటుంది, ఆ వంపు తర్వాత సరికాదు. మొదటి మూడు వారాలు మధ్యాహ్నం నీడ, పైమట్టి ఆరాకే నీళ్ళు. మొలక నేల దగ్గర సన్నబడి పడిపోతుంటే నీళ్ళు ఎక్కువైనట్టు.

మొదటి ఏడు అరడుగు నుంచి అడుగు పెరుగుతుంది. మొలవని ట్రే పారేయకండి, కాక్‌స్పర్ టెంక మందం, సగం మరుసటి వసంతంలో లేవడం మామూలే. టెంక కరిగించడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో నానబెట్టే పద్ధతి నర్సరీల్లో ఉంది, ఇంట్లో మాత్రం వద్దు. నీళ్ళు తగిలితే ఎగజిమ్ముతుంది, సమయం కాస్త ఎక్కువైతే పిండం చస్తుంది.

ఆకుమచ్చ:

మచ్చల సంగతి నేను చెబుతాను. ఇవి తుప్పు తెగుళ్ళు, రెండు రకాలు. ఆకు మీద నారింజ మచ్చ వచ్చి, వేసవి ముదిరాక దాని అడుగున సన్నటి నూగులాంటి గొట్టాలు మొలిచేది సీడార్-హాథార్న్ రస్ట్. కాయ మీద తెల్లటి గొట్టాలు లేచి, లోపలి నుంచి నారింజ పొడి రాలేది సీడార్-క్విన్స్ రస్ట్. రెండూ జిమ్నోస్పోరాంజియం శిలీంద్రాలే, రెండింటికీ రెండో ఇల్లు మిస్సోరీ అంతటా కనిపించే ఈస్టర్న్ రెడ్ సీడార్.

వసంతంలో వెచ్చటి వాన పడగానే సీడార్ మీది బుడిపెల నుంచి నారింజ జెల్లీ ఉబుకుతుంది. అక్కడి నుంచి గాలిలో వచ్చిన బీజాలు లేత ఆకు మీద, పిందె మీద పడతాయి, ఆకు కొన్ని గంటలు తడిగా ఉంటే దిగిపోతాయి. మీకు మచ్చ కనిపించేది వారాల తర్వాత. అందుకే జూన్‌లో మందు కొట్టడం డబ్బు దండగ. ఇంకో విషయం, హాథార్న్ నుంచి హాథార్న్‌కు ఇది అంటదు, మళ్ళీ సీడార్‌కే వెళ్ళాలి. కాబట్టి రాలిన ఆకులు ఊడ్చినా తుప్పుకు తేడా ఉండదు.

మందు కొట్టాలనే అనుకుంటే మైక్లోబ్యుటానిల్ అనే శిలీంద్రనాశిని మొగ్గ విచ్చే దశ నుంచి, లేబుల్ మీద ఇచ్చిన ఎడంతో, లేత ఆకు ముదిరేదాకా. పువ్వు మీద తేనెటీగలు తిరిగేటప్పుడు వద్దు. కానీ 18 అడుగుల చెట్టుకు ఇంటి స్ప్రేయర్ అందదు, ఆకు తుప్పుతో చెట్టు చావదు. నా సలహా వదిలేయమనే. క్విన్స్ రస్ట్ కొంచెం వేరు, అది రెమ్మల్లోకి పోయి ఉబ్బుగా మారి కొసను చంపుతుంది. అలాంటి రెమ్మల్ని ఫిబ్రవరిలో ఉబ్బుకు నాలుగంగుళాల కింద కోసేయండి. మీ సొంత సీడార్ ఒకటి రెండే ఉండి చుట్టుపక్కల వేరేవి లేకపోతే బుడిపెలు ఏరడం పనికొస్తుంది. రోడ్డు పొడుగునా సీడార్లుంటే శ్రమ వృథా.

నిజంగా భయపడాల్సింది ఫైర్ బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులుకు. పూత తర్వాత లేత కొసలు కాలినట్టు నల్లబడి కొంకిలా వంగితే అదే. మాడిన చోటికి 8 నుంచి 12 అంగుళాల కింద, పొడి వాతావరణంలో కోయండి, ప్రతి కోతకూ కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. కోసినవి కంపోస్టులో వేయొద్దు. నత్రజని ఎరువు వేసి ఏపుగా లేత చిగురు పుట్టిస్తే దీనికి పీట వేసినట్టే.

నారింజ కాకుండా చిన్న ముదురు గోధుమ చుక్కలు వచ్చి ఆగస్టుకే ఆకు రాలితే అది ఆకుమాడు. దానికి మాత్రం రాలిన ఆకులు ఏరేయడం ఉపయోగమే. కాండం మొదట్లో కన్నాలు, రంపపు పొట్టు కనిపిస్తే తొలుచు పురుగు. సన్న తీగ లోపలికి దూర్చి చంపాలి, లేత చెట్లు దీనికే పోతుంటాయి.

కంచెదారి:

పొద వేయడం గురించి రెండు మాటలు. డజనూ కాక్‌స్పర్‌వే వేయకండి. తుప్పు వస్తే అన్నిటికీ ఒకేసారి వస్తుంది, పైగా కాయలన్నీ ఒకేసారి అయిపోతాయి. సగం కాక్‌స్పర్, మిగతా మాలిస్, విరిడిస్ కలపండి. మాలిస్ కాయ ఆగస్టు నుంచే, విరిడిస్ కాయ ఫిబ్రవరి దాకా, సీడార్ వాక్స్‌వింగ్ పిట్టల గుంపులు వాటి కోసమే వస్తాయి. ముళ్ళ సంగతికొస్తే, ష్రైక్ అనే పిట్ట పట్టిన మిడతల్ని కాక్‌స్పర్ ముళ్ళకు గుచ్చి దాచుకుంటుంది.

గింజల కోసం ఆగలేకపోతే మిస్సోరీ కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకు లికింగ్ దగ్గర జార్జ్ వైట్ నర్సరీ ఉంది, నాటు జాతుల మట్టిలేని వేరుమొక్కలు అమ్ముతారు. ఏ ఏటి జాబితా ఆ ఏడాదిదే, హాథార్న్ ఉందో లేదో చూసుకుని అడగాలి.

పొదలా దట్టంగా కావాలంటే ఐదారు అడుగుల ఎడం, చెట్లుగా వదిలేయాలంటే 15 నుంచి 20. సరిహద్దు గీతకు కనీసం ఎనిమిది అడుగులు లోపలికి జరగండి, ముల్లు పక్కవాళ్ళ లాన్‌మోవర్ టైరులో దిగితే మాట పడేది మీరే. రోజుకు ఆరు గంటల ఎండ తప్పదు, నీడలో పూత తగ్గి తెగుళ్ళు పెరుగుతాయి. బంకమట్టి పర్వాలేదు, కాక్‌స్పర్ ఎండుదనాన్నీ ఓర్చుకుంటుంది. విరిడిస్‌ను పల్లంలో వేయండి.

గుంట వేరుముద్దకు రెండు మూడింతల వెడల్పు, లోతు మాత్రం వేరుముద్దంతే. కాండం విచ్చుకుని వేళ్ళుగా మారే చోటు నేల మట్టానికి కనిపించాలి. తీసిన మట్టే తిరిగి వేయండి, ఎరువు వద్దు. పైన మూడంగుళాల చెక్కపొట్టు, కాండానికి తాకకుండా అరచేతి ఎడం. చిన్న మొక్కకు మొదటి రెండు వేసవుల్లో వాన లేని వారం రెండు మూడు గ్యాలన్లు. చలికాలంలో కుందేళ్ళు బెరడు చుట్టూ కొరికేస్తాయి, కాబట్టి రెండడుగుల ఎత్తు జాలీ గొట్టం తప్పనిసరి.

పొద అడుగునుంచే గుబురుగా రావాలంటే రెండో చలికాలం చివర మొక్కను అడుగు ఎత్తుకు కోసేయండి. మనసొప్పదు గానీ కోయకపోతే కాళ్ళు బోసిగా మిగులుతాయి. ఆ తర్వాత ఏటా గీకేయకండి, పూసేది పాత రెమ్మల మీద. మూడేళ్ళకోసారి, సగం సగంగా కోస్తే ఏ ఏడూ కాయ తప్పదు. గింజమొక్క పూతకు రావడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

కోసేటప్పుడు కళ్ళద్దాలు, మోచేతి దాకా తోలు గ్లోవ్స్ వేసుకోండి. ముల్లు వేలి కీలులోకి దిగి కొస విరిగితే పైన పుండు మానినా లోపల వాపు వారాల తరబడి ఉంటుంది. అలాంటప్పుడు ఇంట్లో సూదితో కెలకకుండా డాక్టర్‌కు ముల్లు గుచ్చుకున్న సంగతి చెప్పి చూపించండి. ఎక్స్‌రేలో చెక్కముక్క చాలావరకు కనపడదు.

పెరటిమడి:

చాలా వివరంగా చెప్పారు. చివరిగా ఒకటి, కాయలు తినొచ్చా? తుప్పు పట్టినవి పిట్టలకు హానా?

టెంకలోపల:

గుజ్జు తినొచ్చు. కాక్‌స్పర్‌ది పిండిపిండిగా చప్పగా ఉంటుంది, మాలిస్ రుచి మేలు. రసాన్ని గడ్డకట్టించే పెక్టిన్ ఎక్కువ కాబట్టి జెల్లీకి బాగా కుదురుతుంది. కాయలు మునిగేదాకా నీళ్ళు పోసి అరగంట ఉడికించి, నలిపి, గుడ్డలో వడకట్టి, రసానికి సమంగా చక్కెర. టెంకలు మిక్సీలో వేయొద్దు, నమలొద్దు. లోపలి గింజలో ఆపిల్ గింజల్లాగే సయనైడ్ పుట్టించే పదార్థముంది. గుండెజబ్బుకు, ముఖ్యంగా డిగాక్సిన్, లేదా బీపీకి మందులు వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే డాక్టర్‌ను అడిగాకే. తుప్పు పట్టిన కాయ వంటకు పనికిరాదు, ఏరేయండి. పిట్టలకు దానివల్ల హాని లేదు.